కీళ్ల చిత్రము

మా యింట లాబ్రడారు జాతి యాడుకుక్క యొకటి కలదు. దానికి రెండేండ్లు నిండగానే పిల్లలు కావలెనని మిత్రులు నలుగురు మమ్ము నడిగిరి. జాతిపత్రమున్నదా యని యందఱును విచారించిరి. కీళ్లెట్లున్నవని యొక్కరును విచారింపరైరి. పెండ్లిండ్లలో జాతకములు చూచి రోగముల మాట యెత్తని మనవారికి కుక్కల విషయమున మాత్ర మంతకంటె నేమి తోచును?

తుంటికీలు వదులగుట యీ పెద్దజాతులకు వంశానుగతముగ వచ్చు దోషము. తొడయెముక తల కటియెముక గిన్నెలో కుదురుకొనక కదలుచుండును. క్రమముగ కీలరిగి వాతము పుట్టును. దీనిని 1935లో అమెరికాలో ష్నెల్ యను పశువైద్యుడు తొలుత వర్ణించెను. ముంగాళ్ల మోచేతి కీళ్లకును నిట్టి యుపద్రవము కలదు. చిక్కేమనగా, దోషము గల కుక్కయు ప్రాయమున గంతులు వేయుచునే యుండవచ్చును. అది తల్లియై నలుగురి యిండ్లకు పిల్లలను పంపిన పిమ్మట గాని కుంటుట మొదలిడకపోవచ్చును. కావున ముందుగ తెలిసికొనుటకు ఎక్స్‌రేయే శరణ్యము.

ఎక్స్‌రే యనిన నేదో యొక ఎక్స్‌రే గాదు. మేము మొదట పోయిన చోట మత్తుమందు లేకయే, యిద్దఱు కుక్క నదిమి పట్టగా చిత్రము తీసి, రెండు నిమిషములలో "కీళ్లు బ్రహ్మాండంగా ఉన్నాయి" అని పంపివేసిరి. ఆ చిత్రములో కటియెముక యొక ప్రక్క వెడల్పుగను, రెండవ ప్రక్క సన్నముగను నుండెను. అనగా కుక్క యొరగి పరుండినది. అట్లొరగినపుడు ఒక గిన్నె నిజముకంటె లోతుగను, రెండవది లోతు తక్కువగను కనబడును. అట్టి చిత్రముకంటె చిత్రము లేకుండుటయే మేలు. లేనిదానిని జూపి యెవ్వరును పిల్లలను విక్రయింపరు గదా!

తుదకు నాలుగు గంటలు ప్రయాణము చేసి, మఱియొక పట్టణమున నీ పనియందు పరిశ్రమ గల వైద్యునికడకు పోతిమి. ఆయన మొదట నడిగినది, కుక్క యెదకు వచ్చి యెన్నాళ్లయినదని. ఎదకు ముందు వెనుకల మూడు నాలుగు వారములు కీళ్లు సడలియుండవచ్చునట. మత్తిచ్చి, వెల్లకిల పరుండబెట్టి, వెనుకకాళ్లు రెండును సమానముగ చాచి, మోకాలిచిప్ప తొడయెముక నడుమకు వచ్చునట్లు లోపలికి త్రిప్పెను. కండరములు బిగిసియున్నచో కీలు వదులు మఱుగుపడును. మత్తునకు కారణ మదియే. మోచేతిని బాగుగ మడిచి ప్రక్కనుండి తీసెను. ఒక చిత్రమున నిసుమంత యొరపు కనబడగా దానిని త్రోసివైచి మరల తీసెను. మే మిచ్చిన రుసుము ఆ మరల తీయుటకే యని మా యభిప్రాయము. చర్మముక్రింది మైక్రోచిప్పు సంఖ్యయు తేదియు చిత్రముమీదనే యుండునట్లు చేసెను. లేనిచో నవి యే కుక్క కీళ్లో యెవరు చెప్పగలరు?

ఆ చిత్రములను అమెరికాలో 1966లో స్థాపితమైన ఆర్థోపెడిక్ ఫౌండేషన్ ఫర్ ఏనిమల్స్‌కు పంపితిమి. అచట ముగ్గురు నిపుణులు వేఱువేఱుగ చూచి తుంటికి ఏడు తరగతులలో నొకటి నిర్ణయింతురు. రెండేండ్లు నిండనిదే తుది నిర్ణయ మీయరు. మోచేతులు నిర్దోషములని వచ్చినది. తుంటి యైదవ తరగతి: స్వల్పదోషము.

మిత్రులు నలుగురికిని పిల్లలు లేవని చెప్పితిమి. ముగ్గురు సరే యనిరి. నాలుగవవారు, "మాస్టారూ, అంత చక్కగా పరుగెత్తే కుక్కకు దోషమేమిటండీ?" అని చిత్రమును చూడనొల్లక వెడలి, వారములోనే వేఱొకచోట పిల్లను కొనిరి. దాని తల్లి కీళ్లను ఎవ్వరును చూడలేదు. బరువు పెరిగిన కీళ్లకు కీడని మా కుక్కకు అన్నము తగ్గించితిమి. అది మిత్రునికంటె నెక్కువగ కోపగించినది.