లేని పాదంలో నొప్పి

నాన్నకి షుగర్ వల్ల ఎడమకాలు మోకాలి కింద నుంచి తీసేసి ఆరేళ్ళయింది. లేని ఆ పాదంలో బొటనవేలు లాగుతోందని అప్పుడప్పుడూ అంటూనే ఉండేవాడు. కాలు పోయినా మెదడులో దాని పటం చెరిగిపోదని, దీన్ని ఫాంటమ్ నొప్పి అంటారని చదివాను కాబట్టి నేనేం కంగారు పడలేదు. కానీ తెనాలిలో మా ఎదురింటి డాబా మీద సెల్ టవర్ లేచాక నాన్న మాట మారింది.

"అది పెట్టిన కాణ్ణించీ రాత్రుళ్ళు సూదులు గుచ్చినట్టుందిరా. దాని పనే ఇది."

నేను నవ్వాను. ఆ నవ్వు గురించే ఈ నాలుగు మాటలూ.

నవ్వడానికి నా దగ్గర కారణాలు లేకపోలేదు. సెల్ తరంగాలకి అణువుల మధ్య బంధాలు తెంచేంత శక్తి లేదు. మోతాదు బాగా ఎక్కువైతే ఒంటిని కాస్త వేడిచేస్తాయి. మన దేశంలో టవర్ల పరిమితిని 2012 సెప్టెంబరు నుంచి అంతర్జాతీయ ప్రమాణంలో పదోవంతుకి తగ్గించారు కూడా. పైగా 2006లో లండన్ కింగ్స్ కాలేజీ వాళ్ళు చేసిన ప్రయోగం ఒకటుంది. సెల్‌ఫోన్ వల్ల తలనొప్పి వస్తుందనే అరవైమందినీ, రాదనే అరవైమందినీ కూచోబెట్టి, ఒకసారి నిజం సిగ్నల్, ఇంకోసారి ఉత్తుత్తి సిగ్నల్ ఇచ్చారు. ఎప్పుడేది ఇస్తున్నారో ఎవరికీ తెలీదు. ఉత్తుత్తి సిగ్నల్‌కీ తలనొప్పి వచ్చింది, నిజందానికి వచ్చినట్టే.

అది చదివి నేనూ ఓ ప్రయోగం చేశాను. "కంప్లైంట్ ఇచ్చాను నాన్నా, టవర్ ఆపేశారు" అని అబద్ధం చెప్పాను. మూడు రాత్రులు హాయిగా పడుకున్నాడు. నాలుగోరోజు పొద్దున కాఫీ తాగుతూ, ఫోన్ కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, "మరి సిగ్నల్ నిండుగా ఉందేంట్రా?" అన్నాడు. ఒప్పుకున్నాను.

"అంటే నాది దొంగనొప్పి అంటావు."

అంతకుమించి ఏమీ అనలేదు. ఆ రాత్రి నొప్పి మళ్ళీ వచ్చింది.

అప్పుడుగానీ నేను సరిగ్గా చదవడం మొదలుపెట్టలేదు. 2016లో టెక్సస్ యూనివర్సిటీ, డాలస్ పరిశోధకులు ఎలకల మీద చేసిన పని కనిపించింది. ఇరాక్‌లో చెయ్యి పోగొట్టుకున్న ఒక అమెరికన్ సైనికాధికారి ఇలాంటి తరంగాల దగ్గర నొప్పి పెరుగుతోందని చెప్పడంతో మొదలైందట అది. నరం తెగిన చోట కొస గడ్డలా పెరుగుతుంది, న్యూరోమా అంటారు. అలాంటి ఎలకలకి వారానికోసారి పదినిమిషాలు 915 మెగాహెర్ట్జ్ తరంగాలు తగలనిచ్చారు. నాలుగో వారానికి వాటిలో 88 శాతం నొప్పిపడ్డట్టు ప్రవర్తించాయి. ఎలకలకి టవరంటే భయం లేదు, వాట్సాప్ మెసేజీలూ రావు.

ఒక్క ఎలకల ప్రయోగంతో మనుషుల సంగతి తేలిపోదు, నిజమే. కానీ నా ప్రయోగం మాత్రం దేన్ని తేల్చింది? అందులో ఉన్నది ఒక్క మనిషి. చేసినవాడికేమో ఫలితం ముందే తెలుసు. ఫాంటమ్ నొప్పి ఏ కారణం లేకుండానే వస్తూ పోతూ ఉంటుంది. పోనీ, అది భయంతోనే వచ్చిందనుకుందాం. భయంతో వచ్చినా ఆ నొప్పిని పడేది అదే మెదడు, పోయేది అదే నిద్ర.

ఇలాంటి బాధల గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో ఒక పత్రం ఇచ్చింది. వాళ్ళ లక్షణాలు నిజమేనని, వాటిని తరంగాలతో ముడిపెట్టే ఆధారం మాత్రం లేదని అందులో ఉంది. రెండు మాటలూ ఒకే కాగితం మీద ఉన్నాయి. నేను రెండోది మాత్రమే చదువుకుని నాన్న దగ్గరికి వెళ్ళాను.

మొన్న నరాల డాక్టరుకి చూపిస్తే మందు మార్చారు. అదేవారం నాన్న మంచం వెనకగదిలోకి మార్చాం. అక్కడ గాలి బాగా వస్తుంది, టవర్ కనపడదు. నొప్పి ఎలా ఉందంటే "కాస్త నయం" అంటున్నాడు.

మందు వల్లా, గది వల్లా అని నేను అడగలేదు.