పాలచీటీ మీద ముద్ర

సాహిత్య విమర్శకు కేటాయించిన పుటల్లో సాఫ్ట్‌వేరు తాళంచెవిని గురించి రాయడమేమిటని కొందరు మిత్రులు ఆక్షేపించవచ్చు. నేను ప్రోగ్రాములు రాసి బతికేవాణ్ణి. ఉత్పత్తి సాధనాలు ఎవరి సొత్తు అనే ప్రశ్నను మనం భూమి విషయంలోనూ మిల్లు విషయంలోనూ చాలాకాలంగా చర్చిస్తున్నాం. నేను ప్రతిరోజూ చేత్తో పట్టుకునే సాధనం విషయంలో ఆ ప్రశ్న నాకు చాలా ఆలస్యంగా తట్టింది. అదైనా ఒక తప్పు చేసి, ఆ తప్పును మరొకరి నెత్తిన పడనిచ్చిన తరవాతనే.

మేము ఒక పాల ఉత్పత్తిదారుల సహకార సంఘానికి లెక్కల ప్రోగ్రాము తయారుచేసి ఇచ్చాం. ఏ రైతు ఎన్ని లీటర్లు పోశాడు, వెన్న శాతం ఎంత, రేటెంత, రావలసిన సొమ్మెంత అన్నది లెక్కకట్టి అది పదిహేను రోజులకొకసారి చీటీ అచ్చువేస్తుంది. లెక్క మాది. చీటీని అచ్చుకు పేర్చే భాగం మాత్రం మాది కాదు. అది మరొక సంస్థ దగ్గర కొన్న కంపోనెంటు. ఇందులో వింత లేదు. తలుపు చేసే వడ్రంగి మేకులు తానే పోతపోసుకోడు కదా. ఒక పక్షంలో అచ్చయిన చీటీలన్నిటి మీదా, అంకెలకు అడ్డంగా, బూడిదరంగు ఇంగ్లీషు అక్షరాలతో "ఇవాల్యుయేషన్ కాపీ" అని పడింది.

సంఘం గుమాస్తా ఫోను చేశాడు. "అయ్యా, జనం చీటీలు పుచ్చుకోవడం లేదండీ. ఇది పరీక్షకి ఇచ్చిన కాగితమట, అయితే మా పాలు కూడా ఉత్తుత్తికే కొలిచారా అని అడుగుతున్నారు. గేదె అప్పుకి బ్యాంకులో చూపించుకోవాల్సింది ఈ చీటీయేనండీ" అన్నాడు. నేను నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

ఆ ముద్ర ఎలా పడుతుందో కొంచెం వివరించాలి. పాత డాట్ నెట్ ఫ్రేమ్‌వర్కులో కొన్న కంపోనెంటుకు రెండు రకాల అనుమతి కావాలి. ఒకటి దాన్ని వాడి ప్రోగ్రాము కట్టేవాడికి. రెండోది ఆ ప్రోగ్రాము నడిచేచోట. కట్టేవాడి అనుమతి అతని కంప్యూటరులో నమోదై ఉంటుంది. ప్రాజెక్టులో లైసెన్సెస్ డాట్ లిక్స్ అని ఒక చిన్న ఫైలుంటుంది. అందులో ఏ కంపోనెంటు, ఏ వెర్షను అని వరసగా రాసి ఉంటుంది. బిల్డు చేసే సమయంలో లైసెన్సు కంపైలరనే ఉపకరణం ఆ వరసలు చదివి, ఆ కంప్యూటరులో అనుమతి ఉన్నదో లేదో విచారించి, ఉంటే ఒక కీని తయారైన ప్రోగ్రాము కడుపులో పెడుతుంది. రైతు చీటీ అచ్చయ్యే వేళ కంపోనెంటు ఆ కీ కోసం వెతుక్కుంటుంది. దొరక్కపోతే ముద్ర వేస్తుంది. అనుమతి లేని కంప్యూటరు మీద బిల్డు చేయబోతే లైసెన్సు కంపైలరు తప్పు చూపి ఆగిపోతుంది. ఈ ఆగిపోవడం నిజానికి మన మేలుకే. కాని తొందరలో ఉన్నవాడికి అలా తోచదు. తొందరలో ఉన్నవాళ్ళందరికీ తెలిసిన చిట్కా ఒకటుంది: ఆ ఫైలులోని వరసలన్నీ తుడిచెయ్యడం. అడగడానికి ప్రశ్నే లేదు గనక కంపైలరు నోరుమూసుకుంటుంది, బిల్డు పూర్తవుతుంది, కడుపులో కీ మాత్రం ఉండదు.

ఆ వరసలు తుడిచింది నేను.

మా దగ్గర ఆ కంపోనెంటు లైసెన్సు ఒక సహోద్యోగి పేరిట ఉండేది. అతను ఉద్యోగం మానేశాడు. అతని కంప్యూటరును చెరిపి మరొకరికిచ్చారు. కొత్త యంత్రం మీద బిల్డు ఆగిపోయింది. మరేదో పరీక్షించవలసి ఉండి, తరవాత తిరిగి పెడదామనుకుని, నేను ఫైలు ఖాళీచేశాను. తరవాత మరిచిపోయాను. నాలుగైదు మాసాలకు పాల రేటు మారింది. కాంట్రాక్టు మీద పనిచేసే ఒక అమ్మాయి ఆ మార్పు రాసి, తెరమీద పరీక్షించి, సంఘానికి పంపింది. ఆ ముద్ర తెరమీద కనబడదు, కాగితం మీదనే పడుతుంది.

మేనేజరు ఆమెనే పిలిచాడు. ఆఖరున పంపింది ఆమె గనక తప్పు ఆమెది. "అచ్చువేసి చూడాలని తెలియదా?" అన్నాడు. ఆమె కాంట్రాక్టు పొడిగింపు కాగితం అప్పటికి అతని బల్లమీదనే ఉంది. దాన్ని పక్కన పెట్టాడు. తరవాత గొంతు తగ్గించి, "ఇలాంటివాటికి ఇంటర్నెట్‌లో ఎక్కడో కీలు దొరుకుతాయి కదమ్మా, కాస్త చూడు" అన్నాడు. తాను చెయ్యననలేదు, చెయ్యమని కాగితం మీద పెట్టనూ లేదు.

ఆ మాటకు అర్థమేమిటో చట్టం చదివితే తెలుస్తుంది. 1957 నాటి కాపీరైటు చట్టంలోకి కంప్యూటరు ప్రోగ్రాములు 1984 సవరణతో వచ్చాయి. 1994 సవరణ 63-బి అనే సెక్షను చేర్చింది. దొంగప్రతి అని తెలిసి ప్రోగ్రామును కంప్యూటరు మీద వాడినవారికి ఏడు రోజులకు తగ్గకుండా మూడేళ్ళదాకా జైలు, 50,000 రూపాయలకు తగ్గకుండా 2 లక్షలదాకా జరిమానా. కంపెనీ బాధ్యులను పట్టడానికి 69వ సెక్షను లేకపోలేదు. కాని కంప్యూటరు ముందు కూర్చునేది ఆ అమ్మాయి, కీ వెతికినట్టు జాడలుండేది ఆమె యంత్రంలో. "ఆ పని చెయ్యకమ్మా" అని నేను ఆమెతో అన్నాను. అంతవరకే అన్నాను. ఫైలు ఖాళీచేసింది నేనని అనలేదు. రెండు రోజులు అనలేదు. ఆ రెండు రోజుల్లో ఒక సాయంత్రం శ్రమదోపిడీ మీద విద్యార్థులకు ప్రసంగించి వచ్చాను కూడా.

మూడోరోజున చెప్పాను. మేనేజరు, "మీరా? సరేలెండి, ఎవరికైనా జరుగుతుంది" అని టీ తెప్పించాడు. పర్మనెంటు ఉద్యోగి చేస్తే మరుపు, కాంట్రాక్టు మనిషి చేస్తే నిర్లక్ష్యం! వర్గమనేది మిల్లు గేటు దగ్గరే ఉంటుందనుకునేవారు ఆ టీ కప్పును చూసివుండవలసింది. నేను ఆ అమ్మాయి దగ్గరికి వెళ్ళి విషయం చెప్పబోతే ఆమె నన్ను పూర్తిచేయనివ్వలేదు. "తెలుసు సార్. మార్పుల చరిత్రలో మీ పేరూ తేదీ ఉన్నాయి. మొదటిరోజే చూశాను. మీరే చెబుతారనుకున్నా" అంది.

తాళంచెవి వెతకడం వేరే కథ. తీరా విచారిస్తే మేము డబ్బు కట్టే ఉన్నాం. లైసెన్సును ఒక మనిషి పేరునుంచి మరొక మనిషి పేరుకు మార్చుకునే హక్కు కూడా ఉంది. కాని అమ్మినవారి దగ్గర మా ఖాతా ఆ వెళ్ళిపోయిన సహోద్యోగి ఈమెయిలు మీద ఉంది. ఆ ఈమెయిలును మా కార్యాలయమే మూసేసింది. కొత్త పాస్‌వర్డు కోరితే అది మూసిన పెట్టెలోకే పోతుంది. ఆ పెట్టె మళ్ళీ తెరిపించడానికి ఒకటిన్నర రోజు పట్టింది. లిక్స్ ఫైలు పాతప్రతి తెచ్చి పెడితే బిల్డు మళ్ళీ ఆగింది. అందులో వెర్షను నెంబరు పాతది. అది దిద్దాక కీ కడుపులో పడింది. ఈసారి ఆ అమ్మాయీ నేనూ కలిసి ఒక చీటీ కాగితం మీద అచ్చువేసి చూసుకున్నాం.

పూర్వం అచ్చాఫీసుల్లో కంపోజిటరు పేర్చే అక్షరాలు యజమానివే. అయినా కంపోజిటరు మానేసి వెళితే అక్షరాల కేసు తనంతట తాను తాళం వేసుకోలేదు. ఈనాటి సాధనానికి మనిషి పేరు తెలుసు. తలకింతని లెక్కగట్టి అమ్ముతారు. పనివాడికి దానిమీద ఏ హక్కూ లేదు గాని దానికి పనివాడిమీద లెక్క ఉంది.

అలాగని కంపోనెంటు తయారుచేసినవాణ్ణి దోపిడీదారుగా చిత్రించి ఊరుకోవడం నాకు సమ్మతం కాదు. అలాంటి సంస్థల్లో చాలావాటిలో ఉండేది కొద్దిమంది పనివాళ్ళే. 1976 లో బిల్ గేట్స్ ఔత్సాహికులకు బహిరంగలేఖ రాసి, ఊరికే ఎవరు పనిచేస్తారని అడిగాడు. అడిగినవాడు తరవాత ఏమయ్యాడో లోకానికి తెలుసు. కాని ప్రశ్న దొంగప్రశ్న కాదు. 1983 లో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ప్రకటనతో దానికి మరోవైపునుంచి జవాబు మొదలుపెట్టాడు. 1989 లో వచ్చిన జి.పి.ఎల్. లైసెన్సు, కాపీరైటు చట్టాన్నే ఆయుధంగా తీసుకుని, పంచుకునే హక్కును కాపాడింది. గొప్ప పని. అయితే పంచిన సొత్తు మీద పెద్ద కంపెనీలు మేడలు కట్టగా, కాపలాకాసేవాడికి కూలి ఎవరిస్తారన్నది తేలలేదు. ప్రపంచంలో సగం తలుపులకు గడియలాంటి ఓపెన్ ఎస్.ఎస్.ఎల్. ను గుప్పెడుమంది చూసుకుంటున్నారన్న సంగతి 2014 లో హార్ట్‌బ్లీడ్ లోపం బయటపడితేగాని చాలామందికి పట్టలేదు. 2025 జనవరిలో ఫ్లూయెంట్ అసర్షన్స్ అనే కంపోనెంటు ఎనిమిదో వెర్షనునుంచి వ్యాపారానికి వాడేవారు సొమ్ము కట్టాలంది. నా తోటివాళ్ళు ద్రోహమన్నారు. అన్నాళ్ళూ దాన్ని ఉచితంగా వాడుకుని జీతాలు తీసుకున్న మనం ఆ మాట అనేముందు కొంచెం ఆగవలసింది.

చీటీలు మళ్ళీ అచ్చయ్యాయి. పాతవి వెనక్కి తీసుకుని చింపేశామని గుమాస్తా చెప్పాడు; కొందరు మాత్రం రెండూ దాచుకున్నారట. లైసెన్సు ఎవరి పేరిట పెట్టాలన్న ప్రశ్న వచ్చినప్పుడు మేనేజరు ఆ అమ్మాయి పేరే చెప్పాడు, రోజూ వాడేది ఆమె గనక. కాంట్రాక్టు మూడు నెలలకు పొడిగించాడు. ఆమె ఫారం నింపుతూ, "మూడు నెలల తరవాత నేను లేకపోతే చీటీల మీద మళ్ళీ ఇదే ముద్ర పడుతుంది కదా సార్?" అని అడిగింది. ఖాతా ఈమెయిలును మనిషిది కాకుండా కార్యాలయానిది పెట్టించాం. ఏ ఫైలు, ఏ వరస, కీ ఎక్కడ అన్నది ఇద్దరం కూర్చుని ఒక కాగితం మీద రాశాం. పొడిగింపును ఏడాదికి మార్చమని మేనేజరుకు నేను రాసిన ఉత్తరానికి జవాబు ఇంకా రాలేదు.