పదకొండు వేల కిలోమీటర్ల బండి

మా నాయన హోసూరు సిప్కాట్‌లో ఒక చిన్న లేత్ షాపులో పని చేస్తాడు. రెండో షిఫ్టు వారంలో రాత్రి పదకొండు గంటలకు పని ముగుస్తుంది. అప్పటికి మా ఊరి కడపటి బస్సు వెళ్ళిపోయి ఉంటుంది. ఎవరి బండైనా దొరికితే సరి, లేకుంటే బాగలూరు రోడ్డు మీద నడకే. ఆయన చెప్పుల చప్పుడు వినిపించేదాకా అమ్మ పడుకోదు. నేను నిద్రపోయినట్టు కళ్ళు మూసుకొని ఉంటాను.

పోయిన సంవత్సరం సంక్రాంతి తర్వాత మా వీధి చివర ఉండే రిటైరైన అయ్యవారు తమ స్ప్లెండర్ బండి అమ్ముతారని తెలిసింది. 2011 మోడల్. మీటరులో 11,340 కిలోమీటర్లు మాత్రమే. చూపు తగ్గినాక ఆయన బండి తీయడం మానేసి, పట్టా కప్పి వసారాలో పెట్టినారు. చెప్పిన ధర 26,000 రూపాయలు. మా చీటీ డబ్బు 30,000. అది వానలకు ముందు ఇంటి పైకప్పు మార్చడానికి దాచిన డబ్బు.

"ఇంత తక్కువ తిరిగిన బండి మళ్ళ దొరకదు. కొత్తదాని మాదిరే ఉండాది" అన్నాడు నాయన.

"నీళ్ళలో ఉండే బర్రెను బేరం చేసినట్ల ఉండాది. ముందు గట్టుకు ఎక్కించి చూడప్పా" అనింది అవ్వ.

ఆదివారం నాయన, మెకానిక్ మామ, నేను వెళ్ళినాము. మామ ఇంజను ముట్టలేదు. కాలు పెట్టే రబ్బర్లు, గేరు పెడలు, చేతి గ్రిప్పులు చూశాడు. "మీటరు కేబులు ఊడదీస్తే బండి పోతా ఉంటుంది, అంకె కదలదు. రబ్బరు అరుగుడు మాత్రం అబద్ధం చెప్పదు పాపా" అన్నాడు. రబ్బరు గీతలు చెరగలేదు. టైరు పక్కన ఉండే నాలుగు అంకెలు నన్ను చదవమన్నాడు. రెండిటికీ 0911. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. అంటే 2011లో తొమ్మిదో వారం.

"బండితో వచ్చిన టైర్లే. మీటరు నిజమే" అన్నాడు మామ.

నాయన ముఖం వెలిగింది. కానీ నేను పుట్టింది కూడా 2011లోనే. ఈ టైర్లకు నా వయసు! వంగి చూస్తే పక్కల్లో వెంట్రుకల్లాంటి పగుళ్ళు కనిపించినాయి. తిరగకపోయినా రబ్బరు ముసలిదవుతుందని మామ చెప్పాడు. నిలబడిన బండిలో పెట్రోలు చెడి కార్బురేటరులో జిగురు కడుతుంది, బ్యాటరీ చచ్చిపోతుంది, గొలుసు తుప్పు పడుతుంది. టార్చి వేసి చూస్తే ట్యాంకులో తుప్పు కొంచెమే ఉంది.

రాత్రి నా నోటుబుక్కు వెనక లెక్క వేశాము. టైర్లు, ట్యూబులు, బ్యాటరీ, గొలుసు, బ్రేకు, ఆయిలు, కూలి కలిపి 7,000. మొత్తం 33,000. చీటీ డబ్బు చాలదు.

"టైరు గీతలు బాగుండాయి కదా. దీపావళి బోనసులో మారుద్దాం" అన్నాడు నాయన.

"నువ్వొచ్చేది అర్ధరాత్రి, లారీలు పొయ్యే రోడ్డు నాయనా. టైర్లు ఇప్పుడే మార్చాల" అన్నాను.

"పెద్దోళ్ళ మాటల్లోకి రావద్దు" అని కసిరినాడు. నాకు ఏడుపొచ్చింది. అప్పుడు అమ్మ మెల్లగా అనింది: "ఇల్లు కారితే గిన్నె పెట్టుకుంటాము. టైరు పగిలితే ఏం పెట్టుకుంటాము?"

మరునాడు నాయన ఆ లెక్క కాగితం తీసుకొనిపోయి అయ్యవారికే చూపించినాడు. ఆయన చాలాసేపు చదివి, "వాడకుండా పెడితే బాగుంటుందనుకొంటిని" అని 20,000కు ఇచ్చినారు. పేరు మార్పుకు ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు పెట్టినారు. మిగిలిన 3,000 ఇన్సూరెన్సుకూ, పేరు మార్పుకూ పోయింది. ఆర్.సి. 2026 మే దాకానే. తర్వాత బండిని చూపించి, అయిదేండ్లకు మళ్ళీ రాయించుకోవాలి. దానికి అమ్మ ఇప్పటినుంచే డబ్బాలో చిల్లర వేస్తా ఉంది.

కొత్త టైర్లు వేసినాకే బండి మా ఇంటికి వచ్చింది. తక్కువ తిరిగిన బండి వేరు, కొత్త బండి వేరు అని నాకు తెలిసింది. ఆ వానాకాలం ఇంట్లో రెండుచోట్ల కారింది. రెండు గిన్నెలు పెట్టినాము.

ఇప్పుడు రాత్రి పదకొండున్నరకు సందు మలుపులో బండి శబ్దం వినిపిస్తుంది. అమ్మ లేచి గిన్నెలో నీళ్ళు పారబోసి, నాయనకు అన్నం పెడుతుంది. నేను నిజంగానే నిద్రపోతాను.