ర్యాంకుల రోడ్డు మీద ఫుట్‌బాల్

విజయవాడ బెంజ్ సర్కిల్‌లో బందరు వైపు బస్సెక్కితే కంకిపాడు పెద్ద దూరమేం కాదు. సుమారు పదిహేను కిలోమీటర్లు. కానూరు, పోరంకి, పెనమలూరు, ఈడుపుగల్లు... ఒక ఊరు ఎక్కడ అయిపోయిందో, ఇంకోటి ఎక్కడ మొదలైందో తెలీదు. దారి పొడవునా కనిపించేవి ఇంటర్ కాలేజీల హోర్డింగులే. ఒక్కో బోర్డు మీద పాతిక ఫొటోలు, ఒక్కో ఫొటో కింద ఒక ర్యాంకు.

కంకిపాడులో దిగి గుడివాడ రోడ్డు పట్టుకుంటే సీన్ మారిపోతుంది. డిసెంబరు కదా, కోతల హడావిడి. రోడ్డు పక్కన బరకాల మీద ధాన్యం ఆరుతోంది. పచ్చి గడ్డి వాసన, ట్రాక్టర్ల మోత. ఇక్కడో స్కూల్ గ్రౌండ్‌లో అమ్మాయిలు ఫుట్‌బాల్ ఆడుతున్నారని విని వచ్చాను.

వెళ్లి చూస్తే సగం గ్రౌండ్‌లో కూడా ధాన్యమే! మిగతా సగంలో ఆట. గోల్ పోస్టుల్లేవు, రెండేసి ఇటుకలున్నాయి. బంతి ధాన్యంలో పడితే మాత్రం చెప్పులు విప్పి, మెల్లగా నడిచి తెచ్చుకోవాలి. అది రైతు పెట్టిన రూలు.

ఆట ఆగాక అడిగాను: "ఇండియా ఫుట్‌బాల్ టీమ్‌లో ఎవరు తెలుసు?"

"సునీల్ ఛెత్రి!" అన్నారు అందరూ.

"అమ్మాయిల టీమ్‌లో?"

ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. వెనక నుంచి ఒక గొంతు, "శ్రీ చరణి అక్క!" అంది. "అది క్రికెట్టే" అని పక్కమ్మాయి నెత్తి మీద మొట్టింది. నిజమే, కడప జిల్లా అమ్మాయి వరల్డ్ కప్ గెలిచిన టీమ్‌లో ఉంటే ఆ పేరు ఎవరికి తెలీదు!

సౌమ్య గుగులోత్ పేరు మాత్రం ఎవరూ వినలేదు. మన నిజామాబాద్ జిల్లా అమ్మాయే. 2022లో క్రొయేషియా వెళ్లి డైనమో జాగ్రెబ్ క్లబ్‌లో చేరింది. 2025లో దేశంలోనే ఉత్తమ క్రీడాకారిణిగా ఫుట్‌బాల్ ఫెడరేషన్ అవార్డు అందుకుంది. ఇది చెప్పగానే, "తెలుగు వచ్చా అక్కా ఆవిడకి?" అని అడిగారు.

అక్కడే కూర్చుని మన టీమ్ రికార్డు ఫోన్‌లో చూపించాను. 1980లో కాలికట్‌లో జరిగిన ఆసియా పోటీల్లో మనం రన్నరప్. 1981లో హాంకాంగ్‌లో మూడో స్థానం. 1983లో మళ్లీ రన్నరప్. ఆ తర్వాత మిగతా దేశాలు డబ్బు పెట్టి అమ్మాయిలకి శిక్షణ ఇచ్చుకుంటూ పోతే మనం అక్కడే ఆగిపోయాం. 1998 ఏషియన్ గేమ్స్‌లో చైనా మన మీద 16-0తో గెలిచింది. "పదహారా!" అని నోళ్లు తెరిచారు. ఊరడింపుగా 2010లో భూటాన్ మీద మనం 18-0తో గెలిచిన సంగతి చెప్పాను. దక్షిణాసియా కప్పు శాఫ్‌ని 2010 నుంచి 2019 దాకా వరసగా అయిదు సార్లు గెలిచింది మనమే. 2022, 2024ల్లో మాత్రం బంగ్లాదేశ్ పట్టుకుపోయింది.

2022 ఆసియా కప్ మన దేశంలోనే. ఒక్క మ్యాచ్ ఆడామో లేదో, టీమ్‌లో కోవిడ్ వచ్చి టోర్నీ నుంచే తప్పుకోవాల్సి వచ్చింది. అదే ఏడాది భువనేశ్వర్‌లో అండర్-17 వరల్డ్ కప్ ఆడాం. అమెరికా చేతిలో 8-0, మొరాకో చేతిలో 3-0, బ్రెజిల్ చేతిలో 5-0.

ఆ స్కోర్లు చూస్తూ పదో తరగతి అమ్మాయి ఒకతి, "అండర్-17 అంటే మా ఏజే కదా" అంది. ఆ రోజు ఆటలో అందరికంటే బాగా పరిగెత్తింది ఆ పిల్లే.

"వచ్చే ఏడాది కూడా ఆడతావా?"

"ఇంటర్ హాస్టల్లో వేస్తానన్నారు నాన్న. అక్కడ గ్రౌండ్ లేదంట."

నాన్నని తప్పు పట్టలేం. ధాన్యం డబ్బులు ఎప్పుడు పడతాయో తెలియని ఇంట్లో చదువే భరోసా. కానీ పదిహేను నుంచి పదిహేడు అంటే ఆటగత్తె తయారయ్యే వయసు. అమెరికా, బ్రెజిల్ అమ్మాయిలు వరల్డ్ కప్ ఆడే ఆ రెండేళ్లూ ఈ రోడ్డు మీద ర్యాంకుకి రాసిచ్చేస్తున్నాం. మన టీమ్ ఇంతవరకు ఒక్క సీనియర్ వరల్డ్ కప్ కూడా ఎందుకు ఆడలేదో వెతికితే, కారణాల్లో ఇదీ ఒకటిగా దొరుకుతుంది.

అలాగని కథ అయిపోలేదు. 2025 జులై 5న థాయ్‌లాండ్‌ని వాళ్ల గడ్డ మీదే 2-1తో ఓడించాం. రెండు గోల్సూ సంగీతా బాస్ఫోర్‌వే. క్వాలిఫయర్స్ ఆడి ఆసియా కప్‌కి వెళ్లడం మనకిదే మొదటిసారి. 2026 మార్చిలో ఆస్ట్రేలియాలో టోర్నీ. మన గ్రూపులో జపాన్, వియత్నాం, చైనీస్ తైపీ. అక్కడ టాప్ ఆరులో ఉంటే 2027లో బ్రెజిల్ వరల్డ్ కప్‌కి నేరుగా టికెట్. కష్టమే, కానీ తలుపైతే తెరుచుకుంది.

"మార్చిలో మాకు టెన్త్ పరీక్షలు అక్కా" అంది ఆ అమ్మాయి. కాసేపాగి, "అయినా మ్యాచ్ ఎన్నింటికో చెప్పు, స్కోరు చూసుకుంటా" అంది.

అప్పటికే బంతి మళ్లీ ధాన్యంలో పడింది. చెప్పులు విప్పి పరిగెత్తబోయి, రైతు కేకకి మెల్లగా నడిచింది.