ఎనిమిది అగ్గిపెట్టెలు

మా తమ్ముడికి ఆరేళ్లు. అన్నం తినేటప్పుడు కూడా ఒకచోట కూర్చోడు. పోయిన ఏడాది వాడికి రెండుసార్లు ఫిట్స్ వచ్చాయి. మెదడుకి ఎమ్మారై తీయించమన్నారు డాక్టరు గారు. యానాం నుంచి కాకినాడ తీసుకెళ్లాం. ఆ మెషీన్ సుత్తితో కొట్టినట్టు చప్పుడు చేస్తుంది. వాడు భయపడి తల కదిపేశాడు. బొమ్మ మసకగా వచ్చింది. ఈసారి మత్తు ఇచ్చి తీయాలన్నారు. ఆ రాత్రి అమ్మ నిద్రపోలేదు.

తర్వాత విశాఖపట్నం వెళ్లాం. "మా మెషీన్లో కంప్రెస్డ్ సెన్సింగ్ ఉందమ్మా. తక్కువ కొలతలు చాలు, త్వరగా అయిపోతుంది. ముందు మత్తు లేకుండా చూద్దాం" అన్నారు అక్కడి టెక్నీషియన్. అమ్మ లోపలే వాడి కాలు పట్టుకుని నిలబడింది. వాడు కదలలేదు. బొమ్మ బాగా వచ్చింది.

నాకే ఒక అనుమానం మిగిలింది. తక్కువ కొలిస్తే తప్పు రాదా? లెక్కల మేడమ్‌ని అడిగాను.

మేడమ్ 8 అగ్గిపెట్టెలకి నంబర్లు వేసి, మేం చూడకుండా ఒకదాంట్లో పది రూపాయల బిళ్ల పెట్టారు. ఎన్ని తూకాల్లో కనుక్కుంటారన్నారు. ఎనిమిది అన్నాం. మూడు చాలన్నారు! ల్యాబ్‌లో కాటా మీద 1, 2, 3, 4 కలిపి తూచాం. బిళ్ల బరువు లేదు. 1, 2, 5, 6 తూచాం. ఉంది. 1, 3, 5, 7 తూచాం. లేదు. అంటే ఆరో పెట్టె. తెరిస్తే నిజంగానే ఉంది.

"బిళ్ల ఒక్కటేనని ముందే తెలుసు కాబట్టి మూడు సరిపోయాయి" అన్నారు మేడమ్.

తర్వాత ఫ్యాన్ వేశారు. కాటాలో అంకెలు ఊగాయి. ఖాళీ పెట్టెలు కూడా కాస్త బరువు చూపించాయి. "దీన్నే నాయిస్ అంటారు. ప్రతి అంకెనీ నమ్మితే అన్ని పెట్టెల్లోనూ ఏదో ఉన్నట్టే ఉంటుంది. చిన్న తేడాల్ని వదిలేసి, వీలైనంత తక్కువ పెట్టెలతో కుదిరే జవాబు వెతకాలి."

"మరి మెదడు బొమ్మ ఖాళీగా ఉండదు కదా మేడమ్?"

"ఉండదు. కానీ దాన్ని ఇంకో రకం అంకెల్లోకి మారిస్తే ముఖ్యమైనవి కొన్నే, మిగతావి దాదాపు సున్నాలు."

ఈ లెక్కని కాండెస్, రోంబెర్గ్, టావో ఒకవైపు, డొనోహో ఇంకోవైపు 2006లో ప్రచురించారట. 2007లో లస్టిగ్, డొనోహో, పాలీ దాన్ని ఎమ్మారైలో వాడి చూపించారట. కాండెస్ ఫ్రాన్స్‌లో పుట్టారని విని మా క్లాసంతా నవ్వింది. 1954 దాకా మా యానాం ఫ్రెంచివాళ్ల చేతిలోనే ఉండేది మరి!

తమ్ముడు ఇప్పుడు రోజూ మాత్రలు వేసుకుంటున్నాడు. సాయంత్రాలు మేమిద్దరం అగ్గిపెట్టెల ఆట ఆడుకుంటాం. ఇంట్లో కాటా లేదు కాబట్టి నేను నాలుగేసి పెట్టెలు చూపిస్తే వాడే "ఉంది", "లేదు" అంటాడు. మొన్న నా జవాబు తప్పింది. అబద్ధం చెప్పావా అని గట్టిగా అడిగాను. లేదక్కా అని అన్ని పెట్టెలూ తెరిచాడు.

దొంగ వెధవ, రెండు బిళ్లలు పెట్టాడు.