టే నదీతీరమున సాల్మను గాలము

స్కాట్లాండు దేశమున టే యను నది కలదు. దాని పొడవు సుమారు 120 మైళ్లు. మన గోదావరిని చూచిన కన్నులకు అది పిల్లకాలువవలె తోచును. అయినను బ్రిటను ద్వీపమున మరి యే నదియు సముద్రమునకు అంత నీరు కొనిపోదు. కెన్మోరు గ్రామమువద్ద టే సరస్సునుండి వెలువడి, అబర్‌ఫెల్డీ, డంకెల్డు ఊళ్ల ప్రక్కగా వచ్చి, పెర్తు నగరమును దాటి, డండీవద్ద కడలిని చేరును. కొండలమీది బురదనేలల సారము దిగుటచే నీటికి పాలు పోయని తేనీటి వన్నె వచ్చినది. కాని మురికి యేమియు లేదు. మోకాటిలోతున నున్న గులకరాళ్లను లెక్కింపవచ్చును.

బడులకు వేసవి సెలవు లిచ్చిన పిమ్మట మేము దంపతులము పెర్తునగరమున వైద్యవృత్తిలో నున్న మా తమ్ముని యింట నెలదినము లుంటిమి. అది మే మాసము. రాత్రి పదిగంటలవరకు వెలుగుండును. తీరమునగల ముండ్లపొద లన్నియు పసుపుపచ్చని పూలతో నిండియుండెను. ఆ నెలలో మేము చూచిన కోటలను, దేవాలయములను గూర్చి వ్రాయువారు వేరుగా కలరు. మేము వ్రాయబూనినది ఆ నదిలో తిరుగు చేపను గూర్చియు, దానిని పట్టు పనిముట్లను గూర్చియు. శాకాహారుల యింట పుట్టి శాకాహారుల యింట మెట్టిన మాకు ఈ ప్రసక్తి యేల యని సోదరీమణులు నవ్వవచ్చును. పదునారవయేడు నిండనున్న మా మేనకోడలు పుట్టినరోజు కానుకగా మేనత్తనుండి గాలపుకర్రనే కోరినది. చీర కోరిన బాగుండెడిది, కాని కోరలేదు.

గోదావరి మండలమువారికి సాల్మనును గూర్చి చెప్పుట సులభము. వర్షకాలమున ఎర్రనీరు దిగగానే సముద్రము విడిచి నదికి ఎదురీదివచ్చు పులస తీరే దీనిదియు. సాల్మను కొండవాగులలో గులకరాళ్లనడుమ గ్రుడ్డునుండి పుట్టి, రెండు మూడేండ్లు ఏటిలోనే పెరిగి, పిమ్మట సముద్రము చేరి గ్రీనులాండు దాపువరకును పోయి, అచ్చట బలిసి, ఒకటి రెండేండ్లకో మూడేండ్లకో తాను పుట్టిన నదికే తిరిగివచ్చును. పులసను మనవారు వలవేసి పట్టుదురు. ఇచ్చట సాల్మనును గాలముతో పట్టుటయే వేడుక. నదిలో అడుగుపెట్టినది మొదలు సాల్మను ఆహారము ముట్టదు. సముద్రమున కూడబెట్టుకొన్న క్రొవ్వుతోనే నెలల తరబడి ఉపవాసము చేసి గ్రుడ్లు పెట్టును.

ఇంద్రియములకు లోబడి చెడువారికి దృష్టాంతము చెప్పునపుడు మన పెద్దలు జిహ్వకు లోబడి గాలమున చిక్కు మీనమును చూపుదురు. సాల్మను విషయమున ఆ దృష్టాంతము చెల్లదు. ఆకలిలేని ప్రాణి ఎరను పట్టుట యెట్లు? కోపముచేత నని కొందరు, సముద్రమునాటి అలవాటుచేత నని కొందరు, పసిబిడ్డ కొత్తవస్తువును నోట పెట్టుకొన్నట్లని కొందరు చెప్పుదురు. కారణ మేదైనను, ఎర రుచిగా నుండుటకంటె కదలుటయే ముఖ్యము. నీటిలో గిరగిర తిరుగుచు, లేక అటునిటు త్రుళ్లుచు చిన్నచేపవలె మెరయు బొమ్మ ఎరను దూరముగా విసరి, దారమును చుట్టుకొనుచు రాబట్టుటకే స్పిన్నింగని పేరు. ఈకలు కట్టిన కొక్కెమును పొడవాటి కర్రతో విసరు పద్ధతి వేరు. కొన్ని తీరములలో ఆ పద్ధతి తప్ప రెండవది ఒప్పుకొనరు గనుక ముందుగా అడిగి తెలిసికొనవలెను.

ఈ నదిని గూర్చి వ్రాయుచు జార్జినా బాలంటైను పేరు తలపకుండుట స్త్రీలమైన మనకు తగదు. మొదటి మహాయుద్ధమున నర్సుగా పనిచేసిన యీమె, 1922వ సంవత్సరము అక్టోబరు 7వ తేది సాయంకాలమున, డంకెల్డుకు దిగువనున్న కేపుతు గ్రామమువద్ద తండ్రితో పడవలో నుండగా గాలమునకు చేప తగిలినది. పడవ వెనుక ఎరను నీటిలో ఈడ్చు పద్ధతి యది. ఎర డేసు అను చిన్నచేప. చీకటి పడినను ఆమె కర్ర విడువలేదు. రెండుగంటలకు పైగా పెనగులాడి తీసిన ఆ సాల్మను 64 పౌనులు తూగినది. బ్రిటనులో కర్రతో పట్టిన సాల్మనులలో దానిని మించినది నేటికిని లేదు. దానిని పెర్తు ఆసుపత్రికి దానము చేసిరి. నగరమున ఒక దుకాణపు కిటికీలో దానిని ప్రదర్శించినపుడు, ఆడుది ఇంతటిదానిని నీటినుండి తీయుట కల్ల, గుర్రమును కప్పియు కావలెనని ఒక ముసలివా డనుటను ఆమె వెనుక నిలుచుండి వినెనట. 1923లో వై నదిలో డోరీను డేవీ 59½ పౌనుల చేపను, 1924లో డెవరను నదిలో మారిసను దొరసాని 61 పౌనుల చేపను పట్టిరి. మగవారి యాటగా పేరొందిన దానిలో ఈ మువ్వురు స్త్రీల లెక్కలు నూరేండ్లుగా చెరగలేదు.

ఆ కాలమున పట్టిన చేప వంటింటికి పోవుట సహజము. ఇప్పుడు సాల్మను అరుదైనది. 2023 డిసెంబరులో బ్రిటనులోని సాల్మనును అంతరించు ప్రమాదమున నున్న ప్రాణుల పట్టికలో చేర్చిరి. స్కాట్లాండులో గాలముతో పట్టిన సాల్మనును అమ్మరాదని 2002 నుండి శాసనము. ఏప్రిల్ 1వ తేదికి ముందు పట్టినదానిని ప్రాణముతో నదికి విడువవలెనని 2015 నుండి నిబంధన. ఆదివారము గాలము వేయనే రాదు. మా తమ్ముడు వెళ్లు తీరమున ఏ నెలలో పట్టినదైనను విడువవలెననియే నియమము.

ఇది మాకు మింగుడుపడలేదు. తినుటకై పట్టుటలో ఒక అర్థము కలదు. విడుచుటకే పట్టుట యేమి న్యాయము? మా తమ్ము డిట్లనెను: "అక్కయ్యా, గాలము వేయువాళ్లు కట్టే రుసుముతోనే ఈ తీరానికి కాపలా జరుగుతుంది. వీళ్లు మానేస్తే ఈ నదిని పట్టించుకునేవాళ్లు ఎవరు?" మా వారు ఆ వాదమున కొంత నిజము కలదనిరి. మాకు పూర్తిగా తృప్తి కలుగలేదు, నేటికిని లేదు. కాని పిల్ల యెట్లును గాలము వేయును. కానుక ఎంచుట మా వంతు. కావున ఎట్టి పనిముట్లయిన చేప బ్రదుకునో తెలిసికొందుమని నిశ్చయించితిమి.

మరునాడు తీరమున నడచుచుండగా చూచిన దొకటి మా నిశ్చయమును గట్టిపరచినది. ఒక పెద్దమనిషి మిక్కిలి సన్నని కర్రతో, సాలెపోగువంటి దారముతో ఒక సాల్మనును ఆడించుచుండెను. త్రాడు తెగునను భయమున లాగలేడు. చేప తాను కోరినచోటికి పోవును. అట్లు నలువదినిముషములు గడచెను. చూచువారు అతని నేర్పును మెచ్చుకొనిరి. తుదకు చేప ప్రక్కకు ఒరిగిపోయినది. అతడు దయతోనే కొక్కెము తీసి విడిచెను. కాని అది వెల్లకిల తిరిగి ప్రవాహమున కొట్టుకొనివచ్చెను. ఆ తీరపు పడవవాడు, అచ్చటివారు గిల్లీ అందురు, నీటిలో దిగి దానిని చేతులతో పట్టి, తల ప్రవాహమునకు ఎదురుగా నుంచి, చాలసేపు నిలిచెను. ప్రాణము నిలువలేదు. అలసటచేత దాని రక్తమే విషమగునని అతడు మాకు చెప్పెను. నాజూకైన దారము చేపకు దయ చేసినట్లు కనుపించును. దానిని చంపునది అదియే యనెను.

పెర్తులోని దుకాణమునకు పోయినపుడు ఈ మాట మా చెవులలోనే యుండెను. ఆ దుకాణపు గోడలు మన గాజుల అంగడివలె మెరయుచుండెను. ఎరుపు, పసుపు, నీలము, వెండి, బంగారు వన్నెల బొమ్మ ఎరలు వందలకొలది వ్రేలాడుచుండెను. వానిలో సగము చేపలనుగాక కొనువారిని పట్టుటకు చేసినవని మా యభిప్రాయము. మేనకోడలు ముందే యొక సన్నని కర్రను, 8 పౌనుల బరువుకు తెగు దారమును ఎంచియుండెను. ఆ రెంటిని పక్కన పెట్టించితిమి. కార్బను నారతో చేసిన పది అడుగుల కర్రను తీసికొంటిమి. కర్రను ఒంటిగా చేతబట్టి చూచిన ప్రయోజనము లేదు. రీలు తగిలించి, చేయి చాచి, కొంతసేపు నిలుచుండవలెను. అప్పుడు మణికట్టు నొచ్చినచో ఎంత పేరుగలదైనను మనది కాదు.

ఇక రీలు. దీని కథ నేతపని యెరిగిన మనవారికి నచ్చును. పెర్తునగరమునకే చెందిన మాలక్ అను నతడు 1884లో ప్రక్కకు తిరుగు రీలును చేసెను. విసరునపుడు చక్రమును ప్రక్కకు త్రిప్పిన, దారము చక్రము తిరుగకుండగనే అంచుమీదుగా జారిపోవును. పిమ్మట 1905లో బ్రాడ్‌ఫర్డు నగరపు ఉన్నిమిల్లుల యజమాని ఇల్లింగ్‌వర్తు, నేటి రీళ్లకు మూలమైనదానిని చేసెను. నాడెలోని కండె కదలక, దారము మాత్రము కొననుండి జారి ఊడివచ్చుట మన మెరుగుదుము గదా. ఆ సూత్రమే యిది. కండెకు దారము నింపుటలో నేర్పున్నది. అంచుకు సుమారు రెండు మిల్లీమీటర్లు తక్కువగా నింపవలెను. వెలితియైన దారము అంచుకు రాసికొని దూరము పోదు. ఎక్కువైన ఒక్కసారిగా ఉండలుగా ఊడిపడి చిక్కువడును. రీలులో పట్టు సవరించు మర కలదు. చేప బలముగా లాగినపుడు దారము తెగకుండ కొంచెము జారవలెను. కాని ఊరక జారరాదు. దారము 20 పౌనులది కొంటిమి. మేనకోడలు ముఖము చిన్నచేసికొనినది, మేము చలింపలేదు.

ఎరలలో మాకు ఎక్కువగా నచ్చినది డెవను మిన్నో యనునది. వ్రేలెడు పొడవు గొట్టము. తలవద్ద రెండు చిన్న రెక్కలు. ప్రవాహము తగిలిన తనంత తాను గిరగిర తిరుగును. కర్రతో చేసినది తేలికగా నుండి రాళ్లమీదుగా పోవును. లోహముతో చేసినది లోతునకు దిగును. చల్లని నిండునీటికి పెద్దది, వేసవిలో నీరు తగ్గి వెచ్చబడినపుడు చిన్నది తగును. కుడికి తిరుగునవి, ఎడమకు తిరుగునవి రెండు రకములు కలవు. ఒకటే వాడిన దారము పురివడును; అప్పుడప్పుడు మార్చిన పురి విడిపోవును. అయినను తిరుగుడు కీలు లేనిదే దీనిని కట్టరాదు. దీని గుణములలో మిన్న వేరొకటి: చేప తగులగానే గొట్టము దారముమీద పైకి జారిపోవును, నోట కొక్కెము మాత్రమే మిగులును. బరువు వ్రేలాడదు గనుక గాయము పెద్దది కాదు.

టోబీ యనునది సన్నని రేకు. ఇది తిరుగదు, అటునిటు ఊగును. ఫిన్లాండువాడైన రాపలా 1936లో చెక్కిన బెండుచేప యొకటి కలదు. సీసపు ఒంటికి రబ్బరు తోక తగిలించిన ఎరను అచ్చటివారు ఫ్లయింగ్ సీ అందురు. చేపలు దానిని ఆశగా పట్టునట. కాని గొంతుదాక మింగుటయు కద్దు. విడువవలసిన చేపకు అది కూడదని దానిని తీసికొనలేదు. నలుపు పసుపు, నీలము వెండి వన్నెల డెవనులు మూడు, టోబీ రెండు, అంతటితో సరిపెట్టితిమి.

ఎర లన్నిటికిని మూడు కొక్కెముల గుత్తులుండెను. గిల్లీ చెప్పినట్లు వానిని తీసివేయించి ఒంటి కొక్కెములు పెట్టించి, లోపలి ఎదురుముండ్లను పట్టకారుతో నొక్కించితిమి. ఇట్లయిన చేపలు జారిపోవునని మేనకోడలు వాదించెను. ఎట్లును విడువవలసినదే గదా యని మా వారు నవ్విరి. చేతివల ముడులు లేనిది, వెడల్పైనది ఎంచితిమి. ముడులుగల వల చేప పొలుసులను గీరును.

రెండుదినములు చేప తగులలేదు. ప్రవాహమునకు ఏటవాలుగా విసరుట, ఎర తనంత తాను వంపు తిరిగి మన యొడ్డునకు వచ్చువరకు ఓపికపట్టుట, రెండడుగులు దిగి మరల విసరుట, ఇదియే పని. మేము బండమీద కూర్చుండి, ఇంత నిరీక్షణము మనవారు నోములలో మాత్రమే చేయుదురని తలంచుచుంటిమి. మూడవనాటి సాయంకాలము కర్ర హఠాత్తుగా వంగినది. రీలు కీచుమనెను. ఆ పిల్ల వెనుకకు రెండడుగులు వేసి, బరువు నిలిపి, చేపను ప్రవాహమునుండి ప్రక్కనీటికి త్రిప్పెను. దారము గట్టిది గనుక వెరవలేదు. గిల్లీ వల పట్టెను. పది పౌనులుండు నని అతని యంచనా. వెండిపళ్లెమువలె మెరసిన దానిని నీటినుండి పైకెత్తనీయలేదు. కొక్కెము వ్రేలితోనే ఊడివచ్చినది. తల ప్రవాహమునకు ఎదురుగా పట్టి యుంచిరి. మొప్పలు మెల్లగా ఆడుచుండెను. సత్యవ్రతుని దోసిటిలోని చేపపిల్లను గూర్చి మేము చిన్ననాట చదివినది ఆ క్షణమున మనసులో మెదలినది. ఇంతలో తోక ఒక్కసారి బలముగా కొట్టి, చేప తేనీటి వన్నె నీటిలో మాయమైనది.

"అత్తయ్యా, వెళ్లిపోయింది!" అని పిల్ల కేకవేసెను. మా వారు గడియారము చూచి తగిలినది మొదలు ఎనిమిది నిముషము లనిరి. అది తడిచేతులను ఓణీకి తుడుచుకొన్నట్లు కోటుకు తుడుచుకొని, నలిగిన దారపు కొనను గజమంత కత్తిరించి, పక్షుల కాళ్లకు చుట్టుకొనకుండుటకై ఆ ముక్కను జేబులో పెట్టుకొని, క్రొత్త ముడి వేసికొనుటకు కూర్చుండెను.