రన్‌టైమును, రచనా పరికరములును

సోదరీమణులారా! కంప్యూటరు మన యిండ్లలోనికి వచ్చి చాలకాలమైనది. అయినను దాని లోపలి సంగతి యెత్తినంతనే "అది మగవారి విషయ"మని మనలో పలువురు తొలగిపోవుచున్నారు. ఇందువలన ధనమును, అంతకుమించి విద్యయు మనకు నష్టమగుచున్నవని మా తలంపు.

మైక్రోసాఫ్టువారు 2002వ సంవత్సరమున డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్కును వెలువరించిరి. ప్రోగ్రాములు రచించుటకై విజువల్ స్టూడియో డాట్‌నెట్ అను పరికరశాలయు అప్పుడే వచ్చెను. పేరులు కలియుటచే రెండును ఒకటే యను భ్రాంతి కొందరికి కలిగినది. నిజమునకు విజువల్ స్టూడియో 1997లోనే పుట్టినది.

సంగీతము తెలిసిన యిండ్లలో ఈ భేదము సులభముగా బోధపడును. వాగ్గేయకారుని కృతిని స్వరలిపిలో వ్రాసినచో, వైణికుడు వీణపైనను, మరియొకరు వేణువుపైనను పలికింపగలరు. ఇచ్చటను అంతే. సీ షార్ప్ మొదలగు భాషలలో రచించిన ప్రోగ్రామును కంపైలరు ఒక మధ్యమభాషలోనికి మార్చును. అది స్వరలిపి వంటిది. వాడువారి యంత్రములోని రన్‌టైము దానిని చదివి, ఆ యంత్రమునకు తెలిసిన భాషలోనికి అప్పటికప్పుడు మార్చి నడుపును. అక్కరతీరిన జ్ఞాపకస్థలమును తానే ఖాళీ చేయును.

కావున వినువారికి వైణికుడు చాలును. రచించువారికి లిపి వ్రాయు సాధనములు కావలయును. రచన కుదిరినదో లేదో వినుటకు వైణికుడును కావలయును. అందుచేతనే ఎస్‌డీకే యను పరికరముల మూటలో రన్‌టైము చేరియుండును. రన్‌టైములో మాత్రము ఆ పరికరము లుండవు.

మా వీధిలో కుట్టుపనితో కుటుంబమును పోషించుకొను ఒక సోదరి లెక్కలకై ఒక ప్రోగ్రామును తెచ్చుకొనెను. అది తెరచుకొనక, డాట్‌నెట్ రన్‌టైము కావలయునని తెలిపెను. దుకాణదారు డొకడు రచనా పరికరములన్నియు కొననిదే పని జరుగదని చెప్పి, ఆమె నెల సంపాదనలో సగ మడిగెను. రన్‌టైమును మైక్రోసాఫ్టువారు తమ స్థానమునుండియే ఉచితముగా నిచ్చుచున్నారు. కిటికీలు తెరచు ప్రోగ్రామునకు డెస్క్‌టాప్ రన్‌టైమును, అది కోరిన సంఖ్యగల దానిని తెచ్చుకొనవలయును. మావారు చెప్పగా ఆమె యట్లే చేసెను. ఒక్క కాసైనను ఖర్చు కాలేదు.

ఆమె కొమార్తె పదవ తరగతి చదువుచున్నది. తల్లి లెక్కలకు సరిపడు ప్రోగ్రామును తానే రచింపవలెనని ఆ బాలిక కోరిక. "వాడుకొనుట వచ్చిన చాలదా, ఆడపిల్లకు రచన యెందుకు?" అని బంధువు లడ్డుపడిరి. చాలదని మా నమ్మకము. ఎస్‌డీకేయు ఉచితమే. విజువల్ స్టూడియోలో కమ్యూనిటీ యను రూపము 2014 మొదలు విద్యార్థులకును, స్వయముగా నేర్చుకొనువారికిని ఉచితముగా లభించుచున్నది. మొదట ఫ్రేమ్‌వర్కు విండోసునకే పరిమితమైయుండగా, 2016లో వచ్చిన డాట్‌నెట్ కోర్ మొదలు లినక్సు, మ్యాక్ యంత్రములపైనను ఈ రచన సాగుచున్నది. కావున ఖర్చు సాకు కాజాలదు.

తల్లులారా! మీ యింటి యంత్రములో రన్‌టైము మాత్రమే యున్నదా, పరికరములును గలవా యని నేడే విచారింపుడు. లేనిచో వానిని దెచ్చి, సాయంకాల మొక గంట ఆ యంత్రమును మీ కుమార్తెకు విడువుడు. వంటపని ఆ గంటసేపు మనము చూచుకొనగలము.